అన్నయ్య ఆల్బమ్‌లో ఎనిమిదో ట్రాక్

నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. దెయ్యాల కబుర్లు చెప్పుకునే పిల్లల చేత గోడకుర్చీ వేయించిన రకం. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అన్నయ్య స్టీల్ ప్లాంటులో ఫిట్టర్. గిటారంటే ప్రాణం. నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే ఇల్లు చేరేవాళ్ళకి ఓ పట్టాన నిద్ర రాదు, చెవుల్లో మిల్లు మోత పోదు. వాళ్ళు వింటూ కునుకు తీసేలా జాజ్ ఫ్యూజన్ ఆల్బమ్ ఒకటి మొదలుపెట్టాడు. ముందు గిటారు, వెనక బేసు, మెత్తగా డ్రమ్స్. టౌన్‌షిప్‌లో సెక్టర్ 4 క్వార్టర్లో తలుపులకి దుప్పట్లు కట్టి రికార్డు చేసేవాడు.

వదినకి ఆ సంగీతమంటే ఒళ్ళు మంట. "ఏటీ గోల? పాటన్నాక ఒక్క మాటైనా ఉండొద్దేటి?" అనేది.

ఎనిమిదో ట్రాక్ సగంలో ఉండగా అన్నయ్య ఆసుపత్రిలో చేరాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి వదినకి నిద్ర లేదు. మాత్రలు వేసినా గంటే. మనిషి పుల్లలా అయిపోయింది. ఈవిడ కూడా మాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

ఏమీ తోచక ఒక మధ్యాహ్నం ఫోనులో ఆ ఆల్బమే పెట్టాను. తిడుతుందనుకుంటే, గోడవైపు తిరిగి పడుకుంది. ఎనిమిదోది సగంలో ఆగిపోయింది. నేను ఫోను తీయబోతే కళ్ళు తెరవకుండానే, "ఆపకమ్మా, అవనీ" అంది. సన్నగా కూనిరాగం తీస్తూ నిద్రపోయింది. నాలుగు గంటలు! ఆ తర్వాత రోజూ అదే రాగం. ఒకరోజు దాన్ని ఫోనులో రికార్డు చేశాను.

నెల తర్వాత, బేసు వాయించే దేబూ భయ్యా వచ్చాడు. గొంతులో గొట్టం వేశాక అన్నయ్య ఆ చివరి భాగాన్ని కాగితం మీద స్వరాలుగా రాసి ఇతనికిచ్చాడట. ఇన్నాళ్ళూ వాయించడానికి మనసొప్పక పర్సులోనే ఉంచుకున్నాడట. అన్నయ్య గిటారు మీద మొదటిసారి వాయించాడు. నేను ఫోనులో ఉన్న వదిన కూనిరాగం వినిపించాను. రెండూ ఒకటే, ఆగే చోటుతో సహా.

"యే తో కిసీనే సునా హీ నహీ," ఎవరూ విననే లేదంటూ భయ్యా గిటారు పక్కన పెట్టేశాడు.

వదినకి స్వరాలు చదవడం రాదు. ఎక్కడ విన్నావని అడిగితే నన్ను వింతగా చూసింది.

"ఫోన్లోనే కదేటి. మీ అన్నయ్య వాయిస్తన్నారు కదా. నీకు ఇనబడట్లేదేటి?"

ఆ ఎనిమిదో ట్రాక్ ఫైలు రెండు నిమిషాలే. ఎన్నిసార్లు చూశానో. మిగతాది వాయించి అతికిస్తానని భయ్యా అన్నాడు. వద్దన్నాను, వదిన నిద్ర చెడుతుందేమోనని. ఇదేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. రోజూ ఆవిడ పక్కన కూర్చుని, ఫైలు అయిపోయాక కూడా చెవి ఒగ్గి వింటాను. తోడబుట్టినదాన్ని. నాకు మాత్రం ఫ్యాను చప్పుడే వినిపిస్తుంది.