ఇనుప కుర్చీ చప్పుడు

పై ఇంట్లో ఎవరో కుర్చీ ఈడ్చారు. సూర్యాపేటలోని ఈ అద్దె ఇంట్లో ఒక్కణ్నే ఉంటున్నాను. పొద్దున లేచాక నాకు వినిపించే మొదటి మనిషి అలికిడి అదే. అది విన్నప్పుడల్లా మిర్యాలగూడలో మా ఇంటి యజమానురాలు సుగుణ టీచరమ్మ గుర్తొస్తారు.

అప్పుడు నేను కొత్త విలేకరిని. వాళ్ల మేడ మీది గదిలో కిరాయికి ఉండేవాణ్ని. ఆమె ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారు. ఓసారి ఇంగ్లీషు వార్తలో ఒక నాయకుడు ‘అనాయ్డ్’ అని ఉంటే, నేను ‘ఆగ్రహం’ అని రాశాను. మర్నాడు ఇంగ్లీషు పేపరూ మా పేపరూ రెండూ పట్టుకుని నన్ను కిందికి పిలిచారు.

“ఏం బిడ్డా, మీ పేపర్ల అందరికీ ఆగ్రహమేనా? ఎవ్వర్నీ జర చిరాకు పడనియ్యరా?”

“రెండూ ఒకటే కదా టీచరమ్మా?”

“ఎట్లయితది? కోపం వస్తది, పోతది. అనాయ్ అంటే పండ్లల్ల మామిడి పీచు ఇరికినట్టు. పెద్దగ నొప్పి ఉండది, ఇడ్సి పెట్టది.”

అంతలో ఆమె భర్త, రైసుమిల్లులో గుమస్తాగా చేసిన పెద్దాయన, ఇనుప కుర్చీని బండల మీద బర్రున ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చారు. రోజూ అంతే.

“గిదీ, అనాయ్ అంటే!” టీచరమ్మ చెవులు మూసుకున్నారు. “ఎత్తి ఏసుకోరాదయ్యా?”

“ఇంగ్లీషుల తిడితే నాకేం తెలుస్తది? తెలుగుల తిట్టు,” అంటూ ఆయన ఇంకో జానెడు ఈడ్చారు.

ఆ చలికాలంలో ఆయన పోయారు. చుట్టాలు వెళ్లిపోయాక ఆ ఇంట్లో అలికిడే లేదు. టీచరమ్మ పొద్దున తలుపు ఆలస్యంగా తీసేవారు, పేపరు విప్పడం మానేశారు. ఒక పొద్దున నేనే పేపరు తీసుకుని దిగాను. కూర్చోమన్నారు. ఆ చప్పుడు వింటే ఆమె మనసుకు కష్టమవుతుందని, గోడవారగా ఉన్న ఆ కుర్చీని రెండు చేతులా ఎత్తాను.

“ఎత్తకు బిడ్డా,” అన్నారు. “ఈడ్చు.”

ఈడ్చాను. ఆమె చెవులు మూసుకోలేదు. కాసేపటికి పేపరు వైపు చెయ్యి చాచి, “ఇయ్యాల ఎవరికొచ్చింది ఆగ్రహం?” అన్నారు.

ఆ తర్వాత రోజూ ఆ పని నాదే అయింది. కోదాడకు బదిలీ అయిన రోజు, సామాను బండికెక్కించాక కూడా కుర్చీ ఈడ్చుకుని కాసేపు కూర్చున్నాను. రేపటి నుంచి ఎవరు ఈడుస్తారని ఆమె అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న పై ఇంటి అమ్మాయి మెట్ల మీద ఎదురై, “మా కుర్చీల చప్పుడు మీకు పరేషానా సార్? కాళ్లకు రబ్బరు తొడుగులు ఏయిస్తం,” అంది.

“వద్దమ్మా,” అన్నాను. “ఉండనియ్యి.”