సుబ్బారావు గారి లాంచీ కాపురం

సాయంత్రం నాలుగున్నరకు నేనూ మా ఆవిడ సులోచనా నాచారంలో సికింద్రాబాదు బస్సు ఎక్కాం. అప్పటికి ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేవలేదు. రాష్ట్రం కూడా ఇంకా ఒకటిగానే ఉంది. తార్నాక దగ్గర ఏ ధర్నాకో బస్సు ఆగిపోతుందేమోనని ముందే బయలుదేరాం గానీ, ఏ అడ్డూ లేకుండా అయిదున్నర కల్లా స్టేషన్‌లో ఉన్నాం. ఉప్పల్ నుంచి రావలసిన యాదగిరి గారు మాకంటే ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నారు. ఆయన రిటైరైన బడిపంతులు. పొద్దున నడకలో నాకు తోడు. మా సంచులు చూసి, "ఏంది మూర్తి సార్, గిన్ని సామాన్లు? లాంచీ మునగాల్నా ఏంది?" అన్నారు. సులోచన నవ్వలేదు. ఆమెకు నీళ్ళంటే భయం.

ఈ ప్రయాణానికి కారణం మా పాత పొరుగాయన సుబ్బారావు గారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఇరవై ఏళ్ళు మా పక్క వీధిలోనే ఉన్నారు. పుట్టింది గోదావరి లంకలో. రిటైరయ్యాక ఒకరోజు ఫ్లాటు అమ్మేశానన్నారు. ఆ డబ్బుతో రాజమండ్రిలో పాత ప్రయాణికుల లాంచీ ఒకటి కొని, భార్య కమల గారితో అందులోనే కాపురం పెట్టారు. మేమంతా వేళాకోళం అనుకున్నాం. రెండేళ్ళు గడిచినా వాళ్ళు తిరిగి రాలేదు. "రండి, గోదావరి మీద తిప్పుతాను" అని నెలనెలా ఫోను. చివరికి మేం ముగ్గురం బయలుదేరాం.

రైల్లో మా ఎదుటి బెర్తు ఆయన తణుకులో బట్టల కొట్టు యజమాని. విషయం విని కాసేపు ఆలోచించి, "మరి కరెంటు బిల్లు ఏ ఊరి పేరు మీద వస్తుందండీ?" అని అడిగారు. 

తెల్లవారుతుండగా రాజమండ్రిలో దిగాం. స్టేషన్ ఎదుట హోటల్లో వేడి ఇడ్లీ తిని, ఆటోలో రేవుకు వెళ్ళాం. వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. మెట్లు పాచి పట్టి ఉంటాయి, నున్నటి అడుగు ఉన్న చెప్పులు వేసుకోవద్దు.

లాంచీ రేవులో కట్టి ఉంది. నేను తెల్లటి రంగుదేదో ఊహించుకున్నాను. ఇది తుప్పు పట్టిన రేకు కప్పుతో, మా ఇంటి వరండా కంటే కాస్త పొడవుగా ఉందంతే. పైన తాడు మీద సుబ్బారావు గారి లుంగీలు ఆరుతున్నాయి. లోపలికి వెళ్ళే తలుపు పక్కన మేకులు కొట్టి ఉన్నది వాళ్ళ నాచారం ఫ్లాటు నంబరు పలక.

"అడ్రసు మారలేదండీ, ఇల్లే కదులుతోంది" అన్నారు సుబ్బారావు గారు, సంచులు అందుకుంటూ.

లోపల రెండు చిన్న గదులు. గ్యాసు పొయ్యిని తీగతో గోడకు కట్టేశారు. గిన్నెలన్నీ కొక్కేలకు వేలాడుతున్నాయి. వెనక కొసన రేకుల స్నానాల గది, అందులో తాడు కట్టిన బకెట్టు, తలుపు అవతల గోదావరి. నీళ్ళు మనమే తోడుకోవాలి. అది చూసి బయటికి వచ్చిన సులోచన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఉన్న ఒక్క మంచం గది మాకిచ్చి, రెండోది యాదగిరి గారికిచ్చి, ఆ చలికాలంలో దంపతులు పైకప్పు మీద టార్పాలిన్ కింద పడుకుంటారని తెలిసి మరీ నివ్వెరపోయాం. ఎంత వారించినా వినలేదు. "అతిథుల్ని పైన పడుకోబెట్టి నేను కింద పడుకుంటానా అన్నయ్యగారూ?" అన్నారు కమల గారు.

పదింటికి ఇంజను హేండిల్ తిప్పి లాంచీ కదిలించారు సుబ్బారావు గారు. ఎగువకు సాగుతుంటే రెండు వైపులా ఇసుక మేటలు, వాటి మీద పుచ్చ పాదులు, దూరంగా నీలంగా కొండలు. నిజంగానే అందంగా ఉంది. చుక్కాని పట్టుకున్న సుబ్బారావు గారు పదేళ్ళు చిన్నవారైనట్టు కనిపించారు.

"మీరూ నేర్చుకున్నరా వదినమ్మా?" అని యాదగిరి గారు కమల గారిని అడిగారు.

"ఆవిడకి ఇంజనంటే భయమండీ" అని సుబ్బారావు గారే జవాబిచ్చారు. "నేర్చుకోమని రెండేళ్ళుగా చెబుతున్నాను, దగ్గరికే రాదు. ఒక్కసారి చెయ్యి తిరిగిందా, ఇక పొమ్మన్నా గోదావరి వదలదు."

కమల గారు కాఫీ గ్లాసులు అందించారు.

మర్నాడు పొద్దున కూరగాయలు తరుగుతూ ఆవిడ సులోచనతో అసలు మాట చెప్పారట. "మీవారితో ఒక మాట చెప్పించండి వదినా. నేల మీద ఉండాలనుంది. పక్కింటి వాళ్ళ కుక్కర్ కూత వినాలనుంది. ఈయనతో ఎన్నిసార్లు చెప్పినా భయం అంటారు. నెమ్మదిగా పోతుందంటారు." సులోచన నాకు చెప్పింది. నేను వీలు చూసుకుని చుక్కాని దగ్గర ఆ మాట కదిపాను. సుబ్బారావు గారు నవ్వి, "అదే మూర్తిగారూ, భయం. ఇంజను అలవాటైతే నేల మాట ఇక ఎత్తదు" అన్నారు. 

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక లంక ఒడ్డున ఆగాం. సుబ్బారావు గారు తాడు కొసన ఉన్న ఉచ్చును ఒడ్డున పాతిన కర్రకు తగిలించి, దిగడానికి బల్ల వేశారు. మగవాళ్ళం ముగ్గురం వంకాయలు కొందామని దిగాం. ఆడవాళ్ళు లాంచీలోనే ఉన్నారు. ఒడ్డెక్కి నాలుగడుగులు వేశామో లేదో, ఇసుక పడవ ఒకటి జోరుగా వెళ్ళింది. దాని అలకు మా లాంచీ ఊగి, ఉచ్చు కర్ర మీద పైపైకి జారడం మొదలుపెట్టింది. అందరికంటే వెనకున్న యాదగిరి గారే కర్రకు దగ్గర.

సుబ్బారావు గారు పైనుంచి కేక వేశారు. "గుంజకి, యాదగిరిగారూ! తాడు గుంజకి!"

మా కోస్తాలో గుంజ అంటే పాతిన కర్ర. తాడు దానికి చుట్టమని ఆయన అర్థం. ఉప్పల్లో గుంజుడంటే లాగడం. యాదగిరి గారు తాడు పట్టుకుని బలమంతా పెట్టి గుంజారు. కర్ర వైపు తాడు వదులై, ఉచ్చు కర్ర తల మీంచి ఊడి వచ్చింది. మరుక్షణం లాంచీ బరువుకు తాడు ఆయన చేతుల్లోంచి జారిపోయింది. బల్ల నీళ్ళలో పడింది.

"గుంజుమంటిరి గద, గుంజిన" అన్నారు యాదగిరి గారు, ఖాళీ చేతులు చూసుకుంటూ.

"గుంజకి అన్నానండీ బాబూ, గుంజకి" అంటూ సుబ్బారావు గారు నీళ్ళలోకి మోకాళ్ళ లోతు దిగి ఆగిపోయారు. అక్కడి నుంచి లోతు. లాంచీ అప్పటికే వాలుకు తిరిగి మధ్య ప్రవాహంలోకి పోతోంది. దిగువన జాలర్లు వలల కోసం పాతిన కర్రలు వరసగా ఉన్నాయి. సులోచన కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుండిపోయింది.   సుబ్బారావు గారు తెల్లబోయిన ముఖంతో, "ఆవిడకి హేండిల్ కూడా తెలీదు" అని పదే పదే అంటున్నారు.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. ముందు రెండుసార్లు దగ్గి, తరవాత నిలకడగా.

లాంచీ ముందు భాగం నెమ్మదిగా ఎగువకు తిరిగింది. చుక్కాని దగ్గర కొంగు నడుముకు దోపుకుని కమల గారు. వలకర్రలకు దూరంగా తప్పించి, మాకంటే పైకి పోయి, అక్కడి నుంచి వాలుగా ఒడ్డుకు తెచ్చారు. సరిగ్గా సుబ్బారావు గారు తెచ్చినట్టే. తాడు విసిరారు. యాదగిరి గారు అందుకుని, "వదినమ్మా, జర చెప్పు. ఇప్పుడు గుంజాల్నా, సుట్టాల్నా?" అన్నారు.

"చుట్టండి అన్నగారూ. రెండు చుట్లు."

సులోచనను నేను చెయ్యి పట్టి దింపాను. ఆమె ఇసుకలో కూర్చుని చాలాసేపు లేవలేదు.

సుబ్బారావు గారి ముఖం వెలిగిపోతోంది. "ఎప్పుడు నేర్చుకున్నావు? చూశారా మూర్తిగారూ, భయం పోయింది ఆవిడకి."

కమల గారు గుడ్డతో చేతుల నూనె తుడుచుకున్నారు. "భయం ఎప్పుడుందండీ? అది మీరన్న మాట. రెండేళ్ళు పక్కన కూర్చుని చూస్తే రాదా? వచ్చని చెబితే ఇక్కడే ఉండిపొమ్మంటారని రాదన్నాను. నడపడం వచ్చు. ఉండడం ఇష్టం లేదు."

 సుబ్బారావు గారు ఆవిడను కొత్త మనిషిని చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయారు. నలభై ఏళ్ళ కాపురం వాళ్ళది. వంకాయల సంగతి అందరం మరిచిపోయాం.

మూడో రోజు సాయంత్రం తిరుగు రైలు. మాతో కమల గారు కూడా బయలుదేరారు. టికెట్టు సుబ్బారావు గారే కొని తెచ్చారు. లంక దగ్గరి సంగతి తరవాత ఆయన చేసిన గట్టి పని అదే. ప్లాట్‌ఫారం మీద కిటికీ చువ్వలు పట్టుకుని, "ఎన్నాళ్ళు?" అని అడిగారు.

"మీరొచ్చేదాకా" అన్నారు కమల గారు. కోపం లేదు ఆ గొంతులో. "స్నానానికి దిగేటప్పుడు వెనక తలుపు గడియ సరిగ్గా పడదు, చూసుకోండి."

బండి వంతెన ఎక్కింది. కింద గోదావరి మసక వెలుతురులో చాలా వెడల్పుగా, శాంతంగా ఉంది. ఎవరైనా వెళ్ళదలిస్తే చలికాలంలోనే వెళ్ళండి. ఆ నీళ్ళూ ఆ కొండలూ చూడవలసినవే. నేను మాత్రం చాలా దూరం వరకు నది సంగతే ఆలోచించలేకపోయాను. ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఏది వచ్చో, ఏది అక్కర్లేదో ఇన్నేళ్ళు తెలియకుండా ఉండవచ్చన్నదే నన్ను వదల్లేదు. ఎదుట కూర్చున్న సులోచన ఏం వండుతుందో తెలుసు. ఇంకేం తెలుసునని లెక్క వేసుకుంటే ఎంతో దూరం పోలేదు.

కొవ్వూరు దాటాక కమల గారు సులోచన వైపు తిరిగారు. "మీ మేడ మీద వాటా ఖాళీగా ఉందన్నారుగా వదినా. నీళ్ళు రోజూ వస్తాయా?"

"ఎక్కడ వదినా. రోజు విడిచి రోజు."

"చాలు" అన్నారు కమల గారు.