పత్తుమణి పూవును చంపిన ఘనుడు

ఆ రోజుల్లో నా అంత సమర్థుడు ధర్మపురి జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం. సాక్షులు లేరు, నమ్మకమే. ఇరవై మూడేళ్ళు, బొమ్మిడి దగ్గర మెట్టచేను, సోగత్తూరులో మామ కూతురు. ఆమెను నేను చేసుకుంటానంటే మామ “పిల్ల ఇష్టమే నా ఇష్టం” అన్నాడు. పిల్ల నాలుగు పత్తుమణి పూల కొమ్మలు నా చేతిలో పెట్టింది. (ఉదయం పదింటికి విచ్చుకుని, మధ్యాహ్నం దాటితే ముడుచుకునే చిన్న పూలు. మా వైపు పగిలిన బకెట్లలో, గోడల మీద, ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతాయి.)

“బావా, రాతి మింద పారేసినా బతికేది ఇది. రెండు నెలలు కాపాడు. ఆమీట పెండ్లి మాట.”

ఇంత సులువైన పరీక్షా అని మురిసిపోయాను. కొత్త మట్టితొట్టి, మేకల ఎరువు, ఇసుక తెచ్చాను. నెలకే తొట్టి నిండా ఎర్రపూలు. వీధిలో పోయే ఆడవాళ్ళు నిలబడి చూసేవారు. ఆ తరువాత ఆకులు పసుపెక్కాయి. నేను తొట్టిని వేరే ఎండలోకి మార్చాను, నీళ్ళు తగ్గించాను, వేపపిండి చల్లాను. కాడలు మెత్తబడి ఒరిగిపోయాయి. ఎరువుల కోసం ఊళ్ళు తిరిగి రాత్రికే ఇల్లు చేరేవాణ్ణి. రెండో నెల నిండగానే ఆమె వచ్చి, తొట్టిలోని నల్లటి పుల్లలను చూసింది.

“దీన్ని చంపేదానికి చానా కష్టపడుండాల బావా!”

నేను నోరు తెరిచేలోగా మా అవ్వ గర్వంగా ముందుకొచ్చింది. “వానికి దిష్టి తగలకుండా నేనే చూసుకుంటిని తల్లీ. పెండ్లికొడుకని ఊరంతా కండ్లేసిరి. పూలు పూసినకాడ్నుంచి దినామూ ఉప్పు తిప్పి, నీళ్ళలో కరిగించి ఆ తొట్లోనే పోస్తిని. దిష్టి నీళ్ళు ఎవురూ తొక్కరాదు కదా! చెట్టు వాడితే, దానికీ తగిలిందని ఇంకో పిడికెడు తిప్పితిని.”

మామ కూతురు నవ్వీ నవ్వీ గడపమీద కూలబడింది. ఆ నవ్వు చూసి గట్టెక్కాననుకున్నాను. కళ్ళు తుడుచుకుని మెల్లగా అంది:

“అవ్వది తప్పు లేదులే. దినామూ ఇంట్లోనే పోస్తా ఉంటే, నీకు కనపడనేలేదా బావా?”

నేను తొట్టి బోర్లించి ఆ మట్టిని దిబ్బ మీద పోశాను. ఆ ఏడే ఆమెకు సేలంలో వేరొకరితో పెళ్ళయింది. పందిట్లో సాంబారు వడ్డించింది నేనే. (ఒక్కరి మీదా ఒలకబోయలేదు. అదొక్కటే నా ఘనత.) ఎరువుల కోసం ఊళ్ళు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. భుజం మీద చెయ్యేసి, “ఒక్క పూట ఊరికే ఇంట్లో కూచోరా నాయనా” అనాలనిపిస్తుంది.