లంఖణానికి కాపలా

మొన్న చోడవరం బస్టాండు దగ్గర మందుల షాపులో ఎవరో స్పిరిట్ సీసా ఒలకబోశారు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే కమల సిస్టర్ గుర్తొచ్చారు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు చేతులకి స్పిరిట్ రాసుకునేవారు ఆవిడ.

సిస్టర్ విశాఖపట్నంలో క్యాన్సర్ వార్డు నర్సు. కీమో ఎక్కించుకుని ఇంటికెళ్లిన ఆడవాళ్లు, జ్వరమొస్తే పరిస్థితి చెయ్యిదాటేదాకా ఆస్పత్రికి ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలని మా పల్లెల్లో పరిశోధన మొదలుపెట్టారు. చదువుకున్న అమ్మాయిలుండగా, పది తప్పిన నన్ను తోడుగా ఎందుకు తిప్పుకుంటున్నారని అడిగితే నవ్వారు. "చదువు నాకుందమ్మా. నాకు కావలసింది ఈ ఊళ్ల మాట తెలిసిన నీ నోరు."

జ్వరమొస్తే ఏం చేశారని ఎవరినడిగినా ఒకటే జవాబు, "ఏటీ సెయ్యనేదమ్మా." ఒకరోజు సిస్టర్ బండి ఆపి నా వైపు తిరిగారు. "మీ ఇంట్లో జ్వరమొస్తే ఏం చేస్తారు?"

"లంఖణం ఉంటాం సిస్టరూ. కూడు మానేసి, వేన్నీళ్లు తాగి, దిగేదాకా గడప దాటం."

"అయితే వీళ్లది అశ్రద్ధ కాదు. వాళ్లకి తెలిసిన వైద్యం శ్రద్ధగా చేస్తున్నారు," అన్నారు నెమ్మదిగా.

ఆ తర్వాతే బుచ్చయ్యపేటలో పైడమ్మ పిన్ని ఇంటికెళ్లాం. రొమ్ము క్యాన్సర్‌కి కీమో అయిన మనిషి, మంచం మీద వణికిపోతోంది. జ్వరం నూరు దాటి చాలా పైకి పోయింది. ఆమె అత్త సన్యాసమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నేను ఆగలేకపోయాను.

"ఓలమ్మ, మామ్మా! కీమోకి ఒంట్లో బలం సచ్చిపోద్ది. ఇప్పుడే తీసుకెళ్లకపోతే పిన్ని మనకి దక్కదు!"

"ఓసి గుంటా, నువ్వు పుట్టకముందే నాను ఎంతమందిసేత లంఖణాలు సేయించినానో తెల్సా? ఆస్పత్రిలో బలవంతంగా కూడెడతారు, జొరం తిరగబెడతాది. సంపుతారేటి నా కోడల్ని?"

సిస్టర్ నన్ను వెనక్కి లాగి, నేల మీద ఆవిడ పక్కనే కూర్చున్నారు. "లంఖణం ఆపమననమ్మా. ఆస్పత్రి మంచం మీద చేయించు. మేము నరానికి మందు ఎక్కిస్తాం. నువ్వు ఊఁ అనేదాకా నోటికి మెతుకు పెట్టం. కాపలా నువ్వే ఉండు."

"మాట తప్పవు గదా?"

"తప్పను."

మామ్మ కొంగు బిగించి లేచింది. "ఐతే ఆటో పిలవే గుంటా, నిలబడి సూత్తావేటి!"

వార్డులో ఆయా ఇడ్లీ తెస్తే మామ్మ కస్సుమంది. సిస్టర్ వెంటనే వెనక్కి పంపారు. మందు పనిచేసి జ్వరం దిగిన పూట, మామ్మే తన చేత్తో గంజి తాగించింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరుగారు.

దాంతో సిస్టర్ తన పద్ధతే మార్చేశారు. జాగ్రత్తలు రోగికి చెబితే చాలదు, ఆ ఇంట్లో లంఖణం పెట్టే మనిషికి చెప్పాలన్నారు. థర్మామీటర్లు అత్తల చేతుల్లో పెట్టాం. నూరు దాటితే లంఖణం ఆస్పత్రిలోనే అని నేర్పాం. జ్వరమొచ్చిందని ఫోన్లు వేళకి రావడం మొదలైంది. అయినా కొందరు దక్కలేదు. అలాంటి రోజుకి మర్నాడు పొద్దున్నే సిస్టర్ మళ్లీ బండి తీసేవారు.

ఆవిడిప్పుడు వేరే జిల్లాలో ఇదే పని చేస్తున్నారు. ఇక్కడ నేను తిరుగుతున్నాను. నిన్న కె.కోటపాడులో, కీమో అయిన ఒకామె నన్ను చూసి "రామ్మా, ఇలా కూకో" అని మంచం చూపించింది. నేను పొయ్యి దగ్గరకెళ్లి ఆమె అత్త పక్కన చతికిలబడ్డాను.

"జొరాలొస్తే మీ ఇంట్లో వైద్యం ఎవరు సూత్తారు మామ్మా?"

"నానే. ఏటి, తప్పా?"

"తప్పెందుకు? నాకు నీతోనే పని."