తలుపు కనిపించే కుర్చీ

పొలాల మధ్య పబ్ నడిపిన పెద్దావిడ పోయారని మొన్న ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. పబ్ ఇక తెరవరట. ఫోన్ పెట్టేశాక నాకు దుఃఖం కన్నా ముందు భయం వేసింది. ఈ చలికాలం కూడా మావారు ఆ దారినే ఫ్యాక్టరీకి వెళ్ళి రావాలి.

మేము ఈ దేశం వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ఎనభైల మొదట, అంటే ఇరవై ఏళ్ళ కిందట, ఒక సాయంత్రం మంచు తుఫానులో మా కారు రోడ్డు పక్క గుంటలోకి జారింది. చుట్టుపక్కల వెలుగున్నది ఆ పబ్‌లో ఒక్కటే.

"నువ్విక్కడ కూర్చో. పెట్రోలు బంకు దాకా నడిచి వెళ్ళి, కారు లాగే ట్రక్కు తీసుకొస్తా" అన్నారు మావారు.

"తాగేవాళ్ళ మధ్య నన్నొక్కదాన్నే వదిలేస్తారా?"

"కార్లో కూర్చుంటే బిగుసుకుపోతావే. హీటర్ కూడా ఆగిపోయింది."

ఆయన అటు వెళ్ళగానే నేను అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర బూట్లు విప్పేశాను. ఎవరో పకపకా నవ్వారు. పబ్ నడిపే ఆవిడ మాత్రం నవ్వలేదు. బూట్లు తీసుకెళ్ళి పొయ్యి పక్కన ఆరబెట్టి, నాకు ఉన్ని మేజోళ్ళు తెచ్చిచ్చారు. అప్పుడు తట్టింది నాకు, పారిపోవాలన్నా కాళ్ళకి బూట్లు లేవని.

పొయ్యి దగ్గరే గోడకి ఆనించి, తలుపు ఎదురుగా కనిపించే కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. "భయపడ్డవాళ్ళకి వెనకాల గోడ ఉండాలి, ఎదురుగా తలుపు కనబడాలి" అని తర్వాతెప్పుడో చెప్పారు. పబ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళ కోసం ఆ కుర్చీ ఖాళీగా ఉంచేవారట.

కౌంటర్ దగ్గర ఒక భారీ మనిషి నా వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "మా ప్లాంటు మూసేశారు. వీళ్ళకి మాత్రం ఉద్యోగాలు."

నాకు అప్పట్లో ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. ఆ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. 

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆమె నీ ఉద్యోగం అడగలేదు, కుర్చీ అడిగింది. ఖాళీగానే ఉన్నావుగా, పొయ్యిలో ఓ దుంగ వెయ్యి."

అతను గొణుక్కుంటూ లేచి నా పక్కకే వచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. దుంగ పడిన చప్పుడు, వేడి. అంతే.

ఆవిడ నా ముందు ఫోర్కుల పళ్ళెం, గుడ్డ రుమాళ్ళు పెట్టారు. ఒక్కో ఫోర్కునీ రుమాల్లో చుట్టి, ఇంట్లో పప్పు డబ్బాలు సర్దినట్టే వరసగా పేర్చాను. "ఇంత చక్కగా చుడితే విప్పడానికి జనం జంకుతారు హనీ" అన్నారావిడ. ఆ తర్వాత ఏళ్ళలో పిల్లలతో ఎన్నిసార్లు వెళ్ళినా మాకు ముందు ఏదో చిన్న పని అప్పగించేవారు, ఆ తర్వాతే తిండి. చేతిలో పనున్నవాళ్ళు చుట్టాల్లా ఉండరు, ఇంటివాళ్ళలా ఉంటారని ఆవిడ నమ్మకం. నాకూ ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి.

ఆ రోజు మాత్రం కిటికీ తెల్లబడిపోయింది. రోడ్డు కనబడలేదు. మావారు రాలేదు.

"ఆయన దారి తప్పితే?" అన్నాను. 

ఆవిడ ఆ భారీ మనిషి దగ్గరకి వెళ్ళి అతని కోటు చేతికిచ్చారు. "వరండాలో గంట మోగించు. దారిలో ఉన్నవాళ్ళు చప్పుడు పట్టుకుని వస్తారు. ఆపకు."

"ఎవరున్నారు దారిలో?"

"ఆమె భర్త."

అతను నన్ను ఒక్కసారి చూశాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. గంట మొదలైంది. నేను ఫోర్కులు చుడుతూనే ఉన్నాను, చూపు తలుపు మీదే.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. మావారి కనుబొమ్మలు మంచుతో గడ్డకట్టి ఉన్నాయి. "ఆ గంట లేకపోతే పొలాల్లోకి పోయుండేవాణ్ణి. ట్రక్కువాడు ఇంకో కారు లాగి వస్తానంటే నేను ముందే నడిచొచ్చేశా, బయట గంట కొట్టే ఆయనకీ చెప్పా" అంటూ నా పక్కన కూలబడ్డారు.

బయట గంట ఆగలేదు. ఆవిడ తలుపు తీసి కేకేశారు: "చాలు, వచ్చేశాడు. లోపలికి రా."

"ట్రక్కువాడు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడుగా" అని అటునుంచి జవాబు.

 ఆవిడ సూపు గిన్నె తీసుకుని, తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డారు. అతను ఒక చేత్తో తాడు లాగుతూనే ఉంటే, నెరిసిన జుట్టు మీద మంచు పడుతున్నా కదలకుండా, గిన్నె అతని నోటి దగ్గర పట్టుకున్నారు.