షీల్డు మీద మా తమ్ముడు

మా తమ్ముడు పోలీసు కానిస్టేబులు. జమ్మలమడుగు దగ్గర పెన్నలో నుంచి దొంగ ఇసుక తోలుకుపోతున్న ట్రాక్టరుకు అడ్డం నిలబడితే, ఆపకుండా వాడి మీది నుంచే తోలుకుపోయారు. డ్రైవరు జైలుకు పోయాడు. ట్రాక్టరు ఎవరిదో ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. కేసులో మాత్రం ఆ పెద్దమనిషి పేరు లేదు. వాడికి తెలియకుండా డ్రైవరే తోలాడట. పాపం, ఏమీ తెలియని మనిషి!

ఏడాది తిరిగింది. వర్ధంతికి వాడి పేరు మీద ఎద్దుల బండలాగుడు పోటీ పెడతామని మా ఊరి కుర్రాళ్లు ప్రొద్దుటూరులో నా బట్టల కొట్టుకు వచ్చారు. నాకూ సంతోషమే అనిపించింది. మా తమ్ముడికి ఎద్దులంటే పిచ్చి. తిరునాళ్లలో బందోబస్తు వేస్తే, జనాన్ని చూసుకోవాల్సినవాడు జనానికి వీపు తిప్పి ఎద్దుల్ని చూస్తూ నిలబడేవాడు. అందుకు ఎస్సై చేత తిట్లు కూడా తిన్నాడు.

తీరా పోటీ రోజు పోయి చూస్తే, ఫ్లెక్సీలో మా తమ్ముణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. నాయకులేమో మీసాలు దువ్వుతూ ఇంతింత ఉన్నారు. చచ్చినవాడు కింద మూలన తపాలా బిళ్లంత. దాన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మైకులో వినబడింది. ఆ ట్రాక్టరు పెద్దమనిషి ఎద్దులు కూడా ఈరోజు బండ లాగుతాయట.

చుట్టుపక్కల ఊళ్లలో వాటికి పోటీ లేదు. గెలిచేవి అవేనని అందరికీ తెలుసు. మొదటి బహుమతి గాజు షీల్డు. దాని మీద టోపీ పెట్టుకుని నవ్వుతున్న మా తమ్ముడి బొమ్మ చెక్కించారు. దాన్ని నా చేతే ఇప్పిస్తామని కుర్రాళ్లు ముందే చెప్పారు. అంటే, మా తమ్ముడి మొహాన్ని నేనే తీసుకుపోయి వాడి చేతుల్లో పెట్టాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాని ఎద్దుల్ని ఎట్ల రానిచ్చినారురా?" అని కుర్రాళ్ల మీద విరుచుకుపడ్డాను.

"పోటీకి ఎవురైనా రావచ్చు గదక్కా. పెద్ద మనిషి. వద్దంటే బాగుంటాదా?"

"అయితే షీల్డు నేనియ్యను. నా మరదలుంది గదా, ఆమెను పిలువండి."

"వదినొద్దులేక్కా. ఎద్దులకు పసుపు కుంకుమ పెట్టింటారు. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురొస్తే ఎద్దులోళ్లు ఒప్పుకోరు."

చంపించినవాడు ఎదురొస్తే శుభమట, మొగుణ్ణి పోగొట్టుకున్నది ఎదురొస్తే అశుభమట! ఆ నోళ్లకు ఏం చెప్పినా దండగే. మరదలు షామియానా చివర, స్తంభం చాటున కూర్చుని ఉంది. పులివెందుల పక్కన పుట్టింటి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరూ ముందుకు రమ్మనలేదు, తనూ రాలేదు. షీల్డంటూ ఇస్తే ఆమే ఇవ్వాలని అప్పుడే పంతం పట్టాను.

అనుకున్నట్టే ఆ ఎద్దులే గెలిచాయి. వాటినేమీ అనను. నోరులేని జీవాలు, ప్రాణం పెట్టి లాగాయి.

మైకులో నా పేరు పిలిచారు. నేను మరదలి చెయ్యి పట్టుకుని లేపాను. "నాకొద్దు వదినా" అని గింజుకుంది. వదల్లేదు. స్టేజీ ఎక్కించి, షీల్డు ఆమె చేతుల్లో పెట్టి, కుర్రాడి దగ్గర మైకు లాక్కుని ఆమె మొహం ముందు పట్టుకున్నాను. నవ్వుకుంటూ వస్తున్న పెద్దమనిషి మెట్ల మీదే ఆగాడు.

విసిరికొడుతుందేమో అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆమె మాత్రం రెండు చేతులా షీల్డు ముందుకు చాపింది.

"తీసుకోన్నా. బీరువాలో పెట్టొద్దు, కండ్లకు కనపడేతట్టు పెట్టుకో. పొద్దున లేస్తానే మా ఇంటాయన మొగం సూడు. సూసి, నాకేం తెలీదని ఆయప్పకే చెప్పు."

గొంతు చిన్నదే. మైకు ఊరంతా వినిపించింది. అంతమంది ముందు వాడు వద్దనలేకపోయాడు. తల ఎత్తకుండా తీసుకుని, పక్కనున్న ఎద్దుల కాపరికి అంటగట్టి, కారెక్కి పోయాడు.

కొన్నాళ్లకు ఎర్రగుంట్లలో బస్సు మారుతుంటే ఆ కాపరి కనిపించాడు. "యాడ పెట్టినారప్పా మా తమ్మున్ని?" అని నిలబెట్టి అడిగాను.

"ఇంట్లోకి తేవద్దన్న్యాడక్కా. పారేసేకి నాకు మనసు రాలేదు. కొట్టంలో ఎద్దుల ముందర గూట్లో పెట్టినా." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎద్దులంటే ప్రాణం మా ఆసామికి. దినామూ పొద్దున్నే వచ్చి నిమిరిపోయేటోడు. ఇప్పుడు కొట్టంలోకే రాడు. బయట్నుంచే, మేత తిన్న్యాయా అని అరిచి పోతాండాడు."

నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ బస్సు వదిలేసి, అక్కడే నిలబడి మరదలికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

అంతా విని, "అయితే ఆ ఎద్దుల్ని ఇప్పుడు మా ఇంటాయనే సూస్తాండాడా వదినా?" అంది.

"సూస్తాండాడమ్మా" అన్నాను. "ఈసారి తిట్టేకి ఎస్సై కూడా లేడు."