కింది అరల ఎలుకలు

మా బావ ముసలి ఎలుకలకి సేవ చేసేవాడు. నవ్వకండి, అదే ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని మీదే సంసారం ఈదాడు, కూతుర్ని చదివించాడు, పెళ్ళాం చెల్లెలు కదా అని నన్నూ అక్కడే పనిలో పెట్టించాడు. ఆయన ఎలుకల్ని చూసుకుంటే నేను వాటి డబ్బాలు కడుగుతాను. అక్కడ ఒక తప్పు జరిగింది. చేసింది బావ. బయటపెట్టింది నేను. ఇద్దరమూ కావాలని చేసింది కాదు.

మనుషులు ఎందుకు ముసలివాళ్ళవుతారు, అయినా ఒంట్లో సత్తువ పోకుండా ఎలా ఉండాలి అని వెతికే చోటు మాది. పై అంతస్తుల్లో చదువుకున్నవాళ్ళు, నేలమాళిగలో మేము. కిటికీ ఉండదు. పన్నెండు గంటలు దీపాలు, పన్నెండు గంటలు చీకటి, అన్నీ వాటంతటవే. బయట వానొచ్చిందో ఎండొచ్చిందో పై నుంచి దిగినవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకోవాలి. బావ గదిలో మూడు ర్యాకులు, ఒక్కోదానికి నాలుగు అరలు. మొత్తం తొంభై ఆరు డబ్బాలు, డబ్బాకి మూడు చొప్పున రెండు వందల ఎనభై ఎనిమిది ఎలుకలు.

వాటి మీద పై అంతస్తు డాక్టరమ్మ ఒకావిడ మూడేళ్ళ పరీక్ష పెట్టింది. మా బావని బాబాయ్ అని పిలిచేది, మంచి పిల్ల. మాకు అర్థమయ్యేట్టు ఆవిడే చెప్పింది. ఒంట్లో కొన్ని కణాలు ముసలివైపోయాక కూడా చావవట. మూలన కూర్చుని పక్కనున్న మంచివాటినీ పాడుచేస్తాయట, బుట్టలో కుళ్ళిన టమాటాలాగా. వాటిని ఏరిపారేసే మందు మేతలో కలిపి సగం ఎలుకలకి పెడతారు, సగానికి మామూలు మేత. మూలన కూర్చుని పక్కవాళ్ళని పాడుచేయడం అంటే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు గానీ పైకి అనలేదు. డబ్బాలకి సగం ఆకుపచ్చ చీట్లు, సగం పసుపు చీట్లు. ఏ రంగుది మందో మాకు చెప్పరు. తెలిస్తే మాకు తెలియకుండానే చెయ్యి అటు మొగ్గుతుందట.

బావకి ఆ పని మీద ఉన్న ప్రాణం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఎలుక బొచ్చు కాస్త నిక్కబొడిస్తే చాలు, చేతిలోకి తీసుకుని పళ్ళు చూసేవాడు. మేత బిళ్ళలు మూత మీది తీగల బుట్టలో ఉంటాయి, ఎలుక వెనక కాళ్ళ మీద లేచి కింద నుంచి కొరుక్కోవాలి. ముసలిదానికి లేవడానికి ఓపికుండదు, పళ్ళు వంకర తిరిగిపోతాయి. అలాంటిది కనిపిస్తే బావ ఆ డబ్బాలోని బిళ్ళలే రెండు తీసి నీళ్ళలో నానబెట్టి, ముద్ద చేసి కింద పెట్టేవాడు. ముసలాళ్ళకి మెత్తగా పెట్టాలి కదే అనేవాడు. రిజిస్టరులో అలాంటిదానికి గడి లేదు కాబట్టి ఎక్కడా రాయలేదు. దయకి గడి ఏమిటని ఆయన లెక్క.

అయితే పరీక్ష మొదలయ్యేనాటికే బావ మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేడు, వంగితే కళ్ళు తిరుగుతాయి. పైవాళ్ళకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. అందుకని తుడిచే కర్ర చివర చిన్న అద్దం కట్టుకున్నాడు. నిలబడే అద్దం కిందికి పోనిచ్చి, కింది రెండు అరల్లో ఎలుకలు కదులుతున్నాయా లేదా చూసుకునేవాడు. ఆ తెలివికి మేమంతా మురిసిపోయాం. బావా, మీకో బిరుదు ఇప్పించాలి అని నేను ఆటపట్టించేదాన్ని.

ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఈ కథంతా అక్క కోసమే. అక్కకి అరవై రెండు. ఒకప్పుడు రెండు చేతులా రెండు బకెట్లతో మెట్లెక్కిన మనిషి, రెండేళ్ళలో పుల్లలా అయిపోయింది. జాకెట్లు వదులైపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. కూతురు ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మనవరాలు పుట్టి ఎనిమిది నెలలైనా ఆ పిల్ల ఉయ్యాల ఏ మూల వేశారో అక్కకి తెలియదు. డాక్టరుకి చూపిస్తే రక్తం బాగానే ఉంది, వయసు మీద పడిందమ్మా అన్నాడు. మేమూ అదే అన్నాం. అక్క కూడా ఒప్పేసుకుంది.

అలాంటి ఇంటికి పండు వెన్నెల వచ్చినట్టయింది మొన్న వేసవిలో. చివరి ఎలుక కూడా పోయాక డాక్టరమ్మ చీట్ల గుట్టు విప్పింది. ఆకుపచ్చవే మందువి. పసుపువాటికంటే నాలుగున్నర నెలలు ఎక్కువ బతికాయి. మనిషి లెక్కలో పన్నెండేళ్ళ పైమాటట. ఇక మనుషుల మీద చూడాలి, నలభై మంది అరవై దాటినవాళ్ళు కావాలి. బావ ఆ మధ్యాహ్నమే వెళ్ళి అక్క పేరు రాయించాడు. తొమ్మిదో పేరు. వాళ్ళు అక్కని కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా ఐదుసార్లు లేవమన్నారు. రెండుసార్లు లేచి మూడోసారి కూలబడింది. సరిగ్గా మీలాంటివాళ్ళే మాకు కావాలమ్మా అన్నారట. ఇంటికొచ్చి అక్క ఎంత నవ్విందో. లేవలేకపోయినందుకు నన్ను తీసుకున్నారే అని పదిమందికి చెప్పింది. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకి కూతురింటి మెట్లెక్కాలని కేలండరు మీద గుర్తు కూడా పెట్టుకుంది.

మొదటి మోతాదుకి ఇంకా తొమ్మిది రోజులుందనగా డాక్టరమ్మ నా కడిగే గదికి వచ్చింది, మిఠాయి డబ్బా పట్టుకుని. మీ అందరి వల్లే ఇది జరిగింది అంది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ ఊరికే అనలేదు.

"మీ ఆకుపచ్చ డబ్బాలు గీకీ గీకీ నా గోళ్ళు అరిగాయమ్మా" అన్నాను నవ్వుతూ. "ముద్ద ఎండిపోయి సిమెంటులా పట్టేసేది. పసుపువే నయం, ఒక్క నీళ్ళకి శుభ్రం."

డాక్టరమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. ఏం ముద్ద అని అడిగింది. చెప్పాను. పసుపువాటికి పెట్టలేదా అంది. ఎందుకు పెట్టడు, సోమవారం సోమవారం డబ్బాలు మార్చేటప్పుడు కిందివి నేను తీసి బల్ల మీద పెడతానుగా, అప్పుడు వాటికీ పెడతాడు అన్నాను. పైవాటికైతే రోజూ.

"పసుపువి కింద ఎందుకున్నాయి?"

"ఎప్పుడూ కిందే కదమ్మా."

ఆవిడ బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది. రెండు వారాలకోసారి పై అరవి కిందికి, కింది అరవి పైకి మార్చాలట. అది బావ పని. నాకు తెలియదు. బావ ఎక్కడివక్కడే పెట్టు, త్వరగా తేలుతుంది అంటే, ఏ అరలోంచి లాగినవి ఆ అరలోనే దూర్చాను, మూడేళ్ళూ. రిజిస్టరు తెప్పించి చూస్తే మార్చినట్టు డెబ్బై ఎనిమిది టిక్కులున్నాయి. నోట్లో మిఠాయి అలాగే ఉంది, మింగానో ఉమ్మానో గుర్తులేదు.

బావని పిలిపించారు. ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది. రోజూ అన్నిటికీ పెట్టావా బాబాయ్ అని అడిగింది, ఒకే ఒక్క మాట. నాకు అక్క మందు గుర్తొచ్చింది. అన్నిటికీ పెట్టాను అంటే చాలు, గీకినదాన్ని నేను, నాకు కళ్ళు సరిగ్గా ఆనవని నేనూ అనేస్తాను. ఆవిడ వెనక నిలబడి బావకి కళ్ళతో సైగ చేశాను. బావ నన్ను చూశాడు. అర్థమైంది ఆయనకి. చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టి బల్ల మీద పెట్టాడు.

"లేదమ్మా. పైవాటికే. కిందికి వంగలేకపోయాను."

ఆ తర్వాత ఆవిడ పసుపువాటి సంగతి తేల్చుకోవాలనుకుంది. చచ్చిన పసుపు ఎలుకల్లో ముప్పైని ఫ్రీజరులో దాచి ఉంచారు. వాటిని తీయించి, బావని పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటే కోసి చూసింది. ఇరవై రెండింటి పొట్టలో మేత లేదు. కింద పరిచిన చెక్క తురుము ఉంది. ఆకలికి దాన్ని తిన్నాయి. ఆ ఇరవై రెండింటికీ రిజిస్టరులో, ఎందుకు పోయింది అన్న గడిలో, బావ గుండ్రటి దస్తూరీతో ఒకటే మాట రాసి ఉంది. వయసు. వయసు. వయసు. శనివారాలు పై నుంచి వచ్చి ఎలుకల్ని తూకం వేసే స్టూడెంటు పిల్లలు బరువు తగ్గుతోందని రాస్తూనే ఉన్నారు. వయసుకి తగ్గడం మామూలే అని ఎవ్వరూ తల ఎత్తి చూడలేదు. అంత చదువులు చదివినవాళ్ళు కూడా.

ఆకుపచ్చవి మందు వల్ల బతికాయా, ముద్ద వల్ల బతికాయా అన్నది ఇక ఆ దేవుడే చెప్పాలి. మందు మంచిది కాదని కాదు, మంచిదని చెప్పడానికి లేదు అంది డాక్టరమ్మ. మనుషుల మీద పరీక్ష ఆపేశారు. మళ్ళీ కొత్త ఎలుకలు, మళ్ళీ మూడేళ్ళు. ఆ సాయంత్రం ఆవిడ నా గదిలో మొహం కడుక్కుంటున్నట్టు చాలాసేపు ఏడ్చింది. బావని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పే, కాదనను. కానీ ఆవిడ గేటు దాకా వచ్చి ఆయన సంచీ తనే పట్టుకుంది.

అక్కకి ఎవరు చెప్పాలి. నేను చెబుతానన్నాను. బావ ఒప్పుకోలేదు. ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇంకా పొద్దుంది, అక్క గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. బావ ఏదీ దాచలేదు. మోకాళ్ళ సంగతి, టిక్కుల సంగతి, పొట్టలో తురుము సంగతి, అన్నీ చెప్పాడు. చివర్లో, నీ మందు నేనే పోగొట్టాను అన్నాడు. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, అక్క నోరు నా నోటికి అక్కే. తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాను.

అక్క మందు మాట ఎత్తలేదు. "వాటికి ఆకలి వేసేదా?" అని అడిగింది.

వేసేది, తినలేకపోయాయి అన్నాడు బావ.

"చూస్తే తెలియలేదా మీకు?"

తెలియలేదన్నాడు. ముడుచుకుని, చిక్కిపోయి, వయసైపోయినట్టే ఉన్నాయి అన్నాడు.

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, తప్పు చేసి దొరికినదానిలా మెల్లగా అంది.

"నాకూ ఆకలేస్తుందండీ."

మాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నమిలితే ప్రాణం పోతుంది అంది. వయసుకి పళ్ళు పోవడం మామూలే కదా, దానికో గొడవెందుకని చెప్పలేదు అంది. రెండు ముద్దలు మింగి, చాల్లే అని లేచిపోతున్నాను అంది. బావ ఆమెని వెలుతురు వైపు తిప్పి నోరు తెరవమన్నాడు. రెండు వందల ఎనభై ఎనిమిది ఎలుకల పళ్ళు చూసిన మనిషి, పెళ్ళాం నోట్లోకి చూడటం అదే మొదటిసారి. ఎడమ పక్క వెనక పళ్ళు లేవు. కుడి పక్క రెండు వేలాడుతున్నాయి. చిగుళ్ళు వాచి, చీము పట్టి ఉన్నాయి.

బావ గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఎన్నాళ్ళ నుంచే అని నేనే అడిగాను. ఏడాదిన్నర అంది.

ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నా భోజనం ఆ ఇంట్లోనే. అక్క మిగిల్చిన కంచం ఎత్తి కడిగింది నేనే.